ఐవీఎఫ్ రోజుల్లో వ్యాయామం: ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు భయపడక్కర్లేదు

ఐవీఎఫ్‌కి, అంటే అండాన్ని బయట ఫలదీకరించి పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్సకి, పోయే మన నెల్లూరు ఆడవాళ్ళలో చాలామంది పిండం పెట్టించుకుని వచ్చాక మంచం దిగరు. అంతకుముందు అండాలు పెరగడానికి ఇంజెక్షన్లు పడే రోజుల్లో మాత్రం అన్ని పనులూ చేసేస్తారు. అసలు భద్రంగా ఉండాల్సింది ఆ ముందు రోజుల్లోనే.

నేనూ ఆ తప్పు చేశాను. ఇంజెక్షన్లు మొదలై తొమ్మిదో రోజు. అలవాటు కొద్దీ పొద్దున్నే వీఆర్సీ గ్రౌండ్‌కి పోయి, నడుస్తూ నడుస్తూ రెండు రౌండ్లు పరుగు తీశాను. అడుగు పడినప్పుడల్లా పొత్తికడుపులో ఏదో బరువుగా ఊగింది. ఆగి, గట్టు మీద కూర్చుని, రెండు చేతులతో కడుపు పట్టుకున్నా. ఆ రోజు స్కాన్‌లో చూస్తే రెండువైపులా అండాశయాలు బాగా ఉబ్బి ఉన్నాయి.

మామూలుగా బాదంకాయంత ఉండే అండాశయం, 8 నుంచి 12 రోజులు పడే ఆ ఇంజెక్షన్లకి బాగా ఉబ్బి, ఒక్కోసారి బత్తాయంత అవుతుంది. అంత బరువుతో గెంతినా, నడుము గట్టిగా తిప్పినా అది మెలిపడొచ్చు. అరుదే, కానీ మెలిపడితే రక్తం అందదు, వెంటనే ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది. అందుకే ఆ రోజుల్లో పరుగు, స్కిప్పింగ్, జుంబా, బరువులు, నడుము మెలితిప్పే ఆసనాలు వద్దు. నిండు బిందె ఎత్తడం ఇంకెవరికైనా అప్పజెప్పండి. జొన్నవాడ కామాక్షమ్మకి పొర్లుదండాలు మొక్కుకుని ఉంటే ఇప్పుడు మాత్రం తీర్చుకోవద్దు. "కాన్పయ్యాక తీరుస్తాలే అత్తా" అంటే మా అత్త ఒప్పుకుంది, మీవాళ్ళూ ఒప్పుకుంటారు. అండాలు తీశాక కూడా ఉబ్బు ఒక్కరోజులో దిగదు. డాక్టరు సరే అనేదాకా మెల్లని నడకే.

ఇంజెక్షన్లప్పుడూ, అండాలు తీశాకా ఒక్కరోజులో కిలో బరువు పెరిగినా, కడుపు బిగదీసినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.

పిండం పెట్టాక నిలబడితే జారిపోతుందన్న భయం వదిలెయ్యండి. గర్భసంచి గోడలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, పిండం వాటి మధ్య ఉంటుంది. మంచం మీదే ఉంటే గర్భం నిలిచే అవకాశం పెరగదని పరిశోధనల్లో తేలింది. పైగా హార్మోన్ మందులు వాడుతూ కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వంట చేసుకోండి, వీధి చివరిదాకా నడిచి రండి.

గర్భం నిలిచి, డాక్టరు వద్దనకపోతే వారానికి 150 నిమిషాల నడక మంచిదే. రోజుకు అరగంట, ఐదు రోజులు. నడుస్తూ పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. కవలలున్నా, ముందు గర్భం పోయున్నా, రక్తం కనిపించినా ఈ లెక్క మీకు వర్తించదు, డాక్టరు చెప్పినంతే.

మన దగ్గర ఇంకో చిక్కు ఎండ. తొలి నెలల్లో ఒళ్ళు మరీ వేడెక్కడం బిడ్డకి మంచిది కాదు. రోహిణి కార్తెలో పొద్దున ఏడింటికే ఇంటికి చేరండి, లేదా పొద్దుగూకాక వరండాలోనే నడవండి. సీసాతో నీళ్ళు దగ్గరుండాలి.

నడుస్తుంటే కళ్ళు తిరిగినా, ఛాతీ పట్టేసినా ఆగిపోండి. పొత్తికడుపులో ఒకపక్క పోటు, రక్తం, భుజం నొప్పి కనిపిస్తే గర్భం గర్భసంచిలో కాకుండా పక్కనుండే ట్యూబులో నిలిచిందేమో. ఐవీఎఫ్‌లోనూ అలా జరుగుతుంది. బండి వెనక కూర్చుని పోకుండా 108కి ఫోన్ చెయ్యండి.