కావలి నుంచి మద్రాసుకు మారేవాళ్లు పిల్లల స్కూలు ఎలా చూసుకోవాలి

మా ఆయనకు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉద్యోగం ఖాయమయ్యేసరికి ఏప్రిల్ నెలాఖరు. జూన్ ఒకటికల్లా చేరాలన్నారు. పాపకి అప్పుడే ఐదో తరగతి అయిపోయింది, బాబుది యూకేజీ. అందరూ చేసే పనే మేమూ చేశాం. ఫోన్లో నాలుగు స్కూళ్లు చూసి, అందులో బిల్డింగు బాగున్నదాన్ని ఖాయం చేసుకున్నాం. పొద్దున పినాకిని రైలు ఎక్కి మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగి, స్కూలుకు పోయి పాతికవేలు కట్టి, రాత్రి బండికి కావలి వచ్చేశాం. ఇల్లు తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాం.

ఇల్లు అంబత్తూరులో దొరికింది. స్కూలు తొమ్మిది కిలోమీటర్లు. తొమ్మిది కిలోమీటర్లంటే కావలి లెక్కన చూస్తే ఏముంది, పావుగంట. అక్కడ స్కూలు బస్సు మా సందు దగ్గరకి ఆరూ నలభైకి వచ్చేది. రూట్లో మాదే మొదటి స్టాపు. మిగతా పిల్లలందరినీ ఎక్కించుకుంటూ తిరిగి తిరిగి ఎనిమిదింటికి స్కూలు చేరేది. బాబు మూడో రోజు బస్సులో వాంతి చేసుకున్నాడు. సాయంత్రం డబ్బా మూత తీస్తే ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే, గట్టిపడి, పచ్చడి ఓ పక్కన ఎండిపోయి. పన్నెండు రోజులు చూసి మాన్పించాం. పాతికవేలు పోయాయి.

అందుకని నా మాట వింటే ముందు దారి చూడండి, తర్వాతే స్కూలు. ఆఫీసు ఎక్కడో తెలుసుకుని, దాన్ని బట్టి రెండు మూడు పేటలు అనుకుని, ఆ పేటల్లో మూడు కిలోమీటర్ల లోపు ఉన్న స్కూళ్లే లెక్కలోకి తీసుకోండి. మన వైపు నుంచి పోయేవాళ్లు మాధవరం, రెడ్ హిల్స్ వైపు ఇల్లు చూస్తారు, ఊరికి పోయే బస్సులు మాధవరం నుంచే కాబట్టి. ఊరికి నెలకోసారి పోతాం. స్కూలుకు రోజూ పోవాలి. స్కూలు బస్సు సంగతి స్కూలు ఆఫీసులో అడగొద్దు, 'డోర్ పికప్ ఉంది మేడమ్' అంటారు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి డ్రైవరునే అడగండి: మా వీధి ఎన్నో స్టాపు, మొదటి పిల్లను ఎన్నింటికి ఎక్కిస్తావు అని. మామూలు పనిదినాన పొద్దున ఏడున్నరకు ఆ దారిలో మీరే ఒకసారి పోయి చూడండి. ఆదివారం పోయి చూస్తే మద్రాసు రోడ్లన్నీ మన ట్రంకు రోడ్డులాగే ఉంటాయి.

ఇంకోటి. వాన మనకూ వాళ్లకూ ఒకే కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు. స్కూలు ఎదురుగా టీ కొట్టు ఉంటుంది కదా, అక్కడ టీ తాగుతూ '2015 వరదల్లో ఇక్కడ ఎంత నీళ్లు? మిచౌంగ్‌కి ఎంత?' అని అడగండి. 2023 డిసెంబరులో వాళ్లనూ మననూ ముంచిన తుఫాను అది, మిచౌంగ్ పేరు చెబితే వాళ్లకూ మనకూ చుట్టరికం కలుస్తుంది. మోకాలు చూపిస్తాడో నడుము చూపిస్తాడో చూసుకుని అప్పుడు స్కూల్లోకి పోండి.

ఇక భాష. హైదరాబాదు పోయేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ 2018 చట్టంతో తెలుగే తప్పనిసరి చేశారు. మద్రాసులో తమిళం. 2006లోనే చట్టం తెచ్చి ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున పెంచుకుంటూ పోయారు. సీబీఎస్ఈ స్కూళ్లకూ 2015-16 నుంచి అదే పద్ధతి. బాబు ఒకటో తరగతిలో చేరాడు గనక అందరితోపాటు వాడూ అ ఆ దగ్గరే మొదలుపెట్టాడు, ఏ ఇబ్బందీ లేదు. పాప ఆరులో చేరింది. క్లాసులో మిగతావాళ్లు పద్యాలు అప్పజెబుతుంటే ఇది అక్షరాలు దిద్దుతోంది. మనకు క ఖ గ ఘ నాలుగుంటే వాళ్లకు ఒక్కటే అక్షరం. అది 'క' అవుతుంది, 'గ' అవుతుంది, ఒక్కోసారి 'హ' కూడా అవుతుంది. ఎక్కడ ఏదో అలవాటు మీద తెలియాలి. 'అమ్మా, వీళ్లు గాంధీని కాంది అని రాస్తారేంది?' అని ఏడ్చింది ఒకరోజు. సూళ్లూరుపేట, తడ వైపు పిల్లలైతే చెవిన పడ్డ భాషే కాబట్టి తట్టుకుంటారు. మన పిల్లలకు కష్టమే.

కాబట్టి పెద్ద పిల్లలుంటే స్కూల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు కాదు. 'తమిళం రాని పిల్లను ఆరులోనో ఏడులోనో చేర్చుకుంటే ఎవరు, ఏ పీరియడ్‌లో నేర్పిస్తారు? మొదటి ఏడాది తమిళం మార్కులు ఎలా వేస్తారు?' ఇదీ అడగాల్సింది. 'అడ్జస్ట్ అయిపోతుంది' అంటే ఏమీ ఏర్పాటు లేదని అర్థం. మేము మారిన రెండో స్కూల్లో మధ్యాహ్నం అన్నాల తర్వాత అరగంట బయటి రాష్ట్రాల పిల్లల్ని కూర్చోబెట్టే టీచరు ఉన్నారు. బిల్డింగు పాతది, ఆట స్థలం మా అత్త వాళ్ల కళ్లం అంత కూడా లేదు. అయినా దాన్నే పట్టుకున్నాం. తెలుగు పోకూడదనుకునేవాళ్లు తెలుగువాళ్లు పెట్టిన స్కూళ్లు కూడా చూడండి. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరు నుంచి పోయి మందుల వ్యాపారంతో పైకొచ్చిన కేసరి గారు తెలుగు పిల్లల కోసమే అక్కడ స్కూలు పెట్టారు. మాకు దూరమై కుదరలేదు.

పిల్ల ఏ తరగతిలో ఉండగా మారుస్తున్నారన్నది ఇంకా పెద్ద సంగతి. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, మా తోడికోడలి అన్న లెక్చరరు కాబట్టి ఆయన చెబితే తెలిసింది. ఆంధ్రాలో ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అంటే ముఖ్యంగా ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు ఆ ఏరియాలో చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటరు. కావలి, నెల్లూరుది ఎస్వీయూ (తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా, పక్కనే ఉన్న ఒంగోలుది ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఏరియా. తొమ్మిదిలో మద్రాసు పోతే ఆ నాలుగేళ్లు పోయినట్టే. పోనీ అక్కడి సీటు చూద్దామంటే, వాళ్ల లెక్క ఇంకోటి. నేటివిటీ సర్టిఫికెట్, అంటే తమిళనాడు వాళ్లమేనన్న కాగితం, లేకుండా సీటు రావాలంటే ఎంబీబీఎస్‌కి ఆరు నుంచి పన్నెండు దాకా, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులోనే చదివి ఉండాలి. అంటే తొమ్మిదిలో మారిన పిల్ల ఇక్కడా కాదు, అక్కడా కాదు. పైగా సీబీఎస్ఈలో తొమ్మిదిలోనే బోర్డుకు పేరు పంపిస్తారు, ఆ తర్వాత కదిలించడం తలనొప్పి. ఆరు లోపు పిల్లలైతే ధైర్యంగా తీసుకుపోండి. తొమ్మిది, పదిలో ఉంటే నాన్న ఒక్కడే పోయి వారం వారం రావడమే మంచిదని నా లెక్క. మా ఆయన ఒప్పుకోడు, కానీ నా లెక్క అదే.

స్కూలు చూడ్డానికి పోయినప్పుడు స్మార్ట్ క్లాసు, స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. చూడండి, తప్పేం లేదు. ఆ తర్వాత మూడో తరగతి పిల్లల లెక్కల నోట్‌బుక్ ఒకటి చూపించమనండి. నేను రెండు చోట్ల అడిగాను. ఒకదాంట్లో పేజీ పేజీకి ఎర్ర టిక్కు, తప్పు లెక్క మీద కూడా టిక్కే. ఇంకోదాంట్లో టిక్కులు తక్కువ, కానీ తప్పు దగ్గర టీచరు ఆ లెక్కను పక్కనే మళ్లీ చేసి చూపించింది, కింద పిల్ల దిద్దుకుని రాసింది. అంతే, నాకు ఇంకేం చూడాల్సిన పని లేకపోయింది. బాత్రూమ్ మాత్రం పొద్దున కాదు, మధ్యాహ్నం రెండింటికి చూడాలి. సీబీఎస్ఈ నియమం ప్రకారం సెక్షన్‌కి 40 మంది. క్లాసులోకి తొంగి చూసి బెంచీలు లెక్కబెట్టుకోండి. ఆ బోర్డు గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో స్కూలు పేరు కొడితే తెలుస్తుంది. కొన్ని చోట్ల 'సీబీఎస్ఈ సిలబస్' అని బోర్డు పెడతారు, సిలబస్ వేరు, గుర్తింపు వేరు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, ప్రోగ్రెస్ కార్డులు, టీసీ. ఇవన్నీ మూడేసి జిరాక్సులు. ఆధార్‌లో పేరు, టీసీలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కావలిలో ఉండగానే చూసుకోండి, అక్కడికి పోయాక దిద్దించడం కష్టం. రాష్ట్రం దాటుతోంది కాబట్టి టీసీ మీద డీఈఓ (జిల్లా విద్యాధికారి) సంతకం అడగొచ్చు, ముందే నెల్లూరు పోయి పెట్టించుకుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది. పాత స్కూల్లో పిల్లల పెన్ నంబరు (ఒక్కో పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా నంబరు) రాయించుకోండి. దాంతో కొత్త స్కూలువాళ్లు యూడైస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో పిల్ల వివరాలు తీసుకుంటారు, పాత స్కూలు అక్కడ పేరు వదలాలి కూడా. బాబుని కూర్చోబెట్టి రంగులు, లెక్కలు అడిగారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చిన్నపిల్లలకు అలాంటి పరీక్ష పెట్టకూడదు, కాపిటేషన్ ఫీజు కూడా తీసుకోకూడదు. పెట్టారు. మేమూ కిక్కురుమనలేదు.

డబ్బు దగ్గర మాత్రం సిగ్గుపడకండి. తమిళనాడులో ప్రైవేటు స్కూళ్ల ఫీజు ఖరారు చేయడానికి ప్రభుత్వ కమిటీ ఉంది, మాజీ హైకోర్టు జడ్జి దానికి అధ్యక్షుడు. ఆ కమిటీ మీ స్కూలుకు ఎంత అనిందో చూపించమనండి. బస్సు, యూనిఫారం, పుస్తకాలు, 'యాక్టివిటీ' అన్నీ కలిపి ఏడాదికి ఎంతో ఒక కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సు కట్టే ముందు, చేరకపోతే ఎంత తిరిగిస్తారో అడగండి, నోటిమాట కాదు, రసీదు మీద. రసీదు వెనకవైపు కూడా తిప్పి చూడండి, తమిళంలో ఏమైనా ఉంటే పక్కనున్న ఎవరితోనైనా చదివించుకోండి. మా పాతికవేల రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆర్నెల్ల తర్వాత బీరువా సర్దుతుంటే బయటపడింది. పాప దాన్ని లాక్కుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, 'కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి ఇయ్యరంట అమ్మా' అనింది.