ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఎత్తు తగ్గించే ముందు జాగ్రత్తలు

• బండి చదునైన గట్టి నేల మీదే ఉండాలి. నేలకు ఆని ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలనే పడుతుంది. వెనక భాగం లేపాక దాన్ని నమ్మకండి.

• జాకీ ఎత్తడానికే. బండి బరువు మోసే జాక్ స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరవద్దు.

• చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనుండే రేకు) అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి.

• ముందు చక్రాల వైపు టోర్షన్ బార్లుంటే (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వదులు చేయకముందే వాటిని సర్దే బోల్టు ఉన్న చోట గుర్తు పెట్టండి. కాయిల్ స్ప్రింగులైతే ఇంకా జాగ్రత్త: నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణమే పోవచ్చు. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) లేకపోతే మెకానిక్‌కు అప్పగించండి, పంతం వద్దు.

• ఎంత దించాలన్నది అందం చూసి నిర్ణయించకండి. సీవీ జాయింట్ల (చక్రాలను తిప్పే ఇరుసుల కీళ్ల) కోణం, బంప్ స్టాప్ (సస్పెన్షన్ మరీ నొక్కుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దగ్గర మిగిలే ఖాళీ, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరుకు దొరికే చోటు చూడండి. నా మాటైతే, కొద్దిగా దించితేనే మేలు.

• వెనక ఇరుసును స్ప్రింగు పట్టీలకు బిగించే యూ బోల్టులు కొత్తవి తెచ్చుకోండి.

• బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) వైర్లు లాగబడకూడదు.

• బుష్ (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగు) బోల్టుల చివరి బిగింపు, బండి బరువు చక్రాల మీద పడ్డాకే.

• వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కోసం షాపులో ముందుగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి; హెడ్‌లైట్లూ సరిచేయించాలి.