బెజవాడలో సేవా సంస్థ రిజిస్ట్రేషన్: ఆ ఏడుగురు ఎవరు, బైలాస్‌లో ఏం రాసుకోవాలి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు పట్టుకుని ఊరు ఊరంతా కదిలింది. సాయానికి కొదవ లేదు. కానీ మెయిన్ రోడ్డు పక్కనున్న వాళ్లకు మళ్లీ మళ్లీ అందిందని, లోపలి సందుల్లో మేడలెక్కి కూర్చున్న వాళ్లకు చాలా ఆలస్యంగా చేరిందని అప్పట్లో గట్టిగానే వినపడింది. ఇచ్చేవాళ్ల మనసులో తేడా ఉండి అలా జరగలేదు. ఏ సందులో ఎవరుంటారో తెలిసిన మనిషి పంచేవాళ్లలో లేకపోవడమే చాలాచోట్ల కారణం.

వాట్సాప్ గ్రూపుగా మొదలై, ట్యూషన్లో, మందులో, పిల్లల ఫీజులో చూసుకుంటూ నడుస్తున్న జట్లు విజయవాడ, గుంటూరుల్లో చాలా ఉన్నాయి. చేతిలోకి కాస్త డబ్బు రాగానే వాళ్లకు వచ్చే ప్రశ్న "రిజిస్ట్రేషన్ ఎలా?" అనేదే. కాగితాల పని పెద్ద కష్టమేమీ కాదు. ఆ కాగితాల్లో ఏం రాస్తున్నామన్నది మాత్రం తీరిగ్గా ఆలోచించుకోవాలి. సంస్థ మీద పెత్తనం ఎవరిదో అక్కడే తేలిపోతుంది.

ట్రస్టా, సొసైటీనా?

ట్రస్టు అయితే ఒక దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. ఇద్దరు ముగ్గురు ట్రస్టీలుంటే పని నడుస్తుంది, ఎన్నికల గొడవ ఉండదు. ఎవరో ఒక పెద్దాయన తన డబ్బుతో అమ్మగారి పేరిట ఏదైనా చేయాలనుకుంటే అది సరిపోతుంది. పదిమంది చందాతో నడిచే కాలనీ సంస్థకు మాత్రం సొసైటీయే మేలని నా అభిప్రాయం. సొసైటీలో సర్వసభ్య సమావేశం ఉంటుంది, కార్యవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు, లెక్క అడిగే హక్కు సభ్యుడికి చట్టమే ఇస్తుంది. మన రాష్ట్రంలో దీనికి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వర్తిస్తుంది. కనీసం ఏడుగురు కావాలి, అందరికీ పద్దెనిమిదేళ్లు నిండాలి. నమోదు చేసేది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖలోని జిల్లా రిజిస్ట్రార్.

పేరు, చిరునామా

పేరు ముందే రెండు మూడు అనుకుని పెట్టుకోండి. అప్పటికే రిజిస్టరైన సంస్థ పేరును పోలి ఉంటే ఒప్పుకోరు. ప్రభుత్వ సంస్థ అనిపించే మాటలు, జాతీయ చిహ్నాలు, 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం కిందికి వచ్చే పేర్లు కూడా పనికిరావు.

చిరునామా దగ్గర ఇక్కడివాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. నోటితో అందరం "విజయవాడే" అంటాం. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు నగరం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలో ఉండిపోయాయి. వారధి దాటితే తాడేపల్లి, మంగళగిరి గుంటూరు జిల్లా. అటు నరసరావుపేట వైపు వాళ్లు ఇంకా గుంటూరు అని రాసేస్తుంటారు, అది పల్నాడు అయింది. ఆన్‌లైన్‌లో జిల్లా తప్పుగా ఎంచుకుంటే దరఖాస్తు వేరే ఆఫీసుకు వెళ్లి వెనక్కి వస్తుంది. ఇంటి పన్ను రసీదు ఎదురుగా పెట్టుకుని నింపండి.

ఆఫీసు సొంత ఇంట్లో అయితే ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చాలు. అద్దె ఇల్లయితే అద్దె ఒప్పందంతో పాటు, ఇక్కడ సొసైటీ ఆఫీసు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని ఓనరు రాసిచ్చిన కాగితం కావాలి. ఓనర్లు చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఇల్లు సంస్థ పేరు మీదకు పోతుందేమోనని టెన్షన్. అలాంటిదేమీ జరగదని, అది ఉత్తరాలు రావడానికి ఇచ్చే అడ్రస్ మాత్రమేనని ముందే కూర్చోబెట్టి చెప్పండి. వీలైతే ఆఫీసు అడ్రస్ మీరు పనిచేసే పేటలోనే పెట్టండి. వాంబే కాలనీ పిల్లల కోసం పెట్టిన సంస్థ ఆఫీసు మొగల్రాజపురంలో ఉంటే ఆ పిల్లల తల్లులు ఆ గుమ్మం ఎక్కరు.

ఏడుగురి సంగతి

సాధారణంగా జరిగేది ఏమిటంటే, మొదలుపెట్టినాయన తన బావమరిదిని, ఇద్దరు క్లాస్‌మేట్లను, ఆఫీసులో పనిచేసే కుర్రాడిని కలిపి ఏడు ఆధార్ కార్డులు పోగుచేస్తాడు. ఒకే కుటుంబం వాళ్లే ఎక్కువైతే అడుగడుగునా ప్రశ్నలు రావచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ ఏడుగురిలో సాయం అందుకునే పేట నుంచి ఒక్కరూ ఉండరు. ఉన్నా "సభ్యురాలు" అని చివర్న ఒక ఆవిడ పేరుంటుంది.

సాయం అందుకునేవాళ్లను కలుపుకుపోవాలన్నది ఈ ప్రాంతానికి కొత్త పాఠం కాదు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1920ల్లో స్త్రీల చదువు కోసం శారదా నికేతనం నడిపారు. గోరా, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం కులాంతర వివాహాలు, సహపంక్తి భోజనాలు జరిపించింది. పక్కన కూర్చుని తినడమంటే పొట్లం ఇచ్చి వెళ్లిపోవడం కాదు కదా. ఆ తేడాని మీ బైలాస్‌లోకి, అంటే సంస్థ నియమావళిలోకి, ఎలా తేవాలన్నదే అసలు ప్రశ్న.

బైలాస్

దాఖలు చేయాల్సినవి రెండు పత్రాలు. ఒకటి మెమొరాండం, అంటే సంస్థ పేరు, అడ్రస్, ఉద్దేశాలు, మొదటి కార్యవర్గం పేర్లు, వృత్తులు, సంతకాలు. రెండోది బైలాస్, అంటే నియమావళి. సాక్షుల సంతకాలు కూడా ఉండాలి.

రిజిస్ట్రార్ ఆఫీసు బయట టైపు చేసిపెట్టే వాళ్ల దగ్గర రెడీమేడ్ నమూనా ఒకటి ఉంటుంది. అందులో ఉద్దేశాలు ముప్పై నలభై దాకా ఉంటాయి: గోసంరక్షణ, కంప్యూటర్ శిక్షణ, ఎయిడ్స్ అవగాహన, యోగా, మొక్కలు నాటడం, వృద్ధాశ్రమం. పేరు మార్చి ప్రింటు తీస్తారు, అంతే. దాన్ని తీసుకోకండి. రేపు ఇన్‌కంటాక్స్ వాళ్లు ప్రతి ఉద్దేశానికీ ఏం చేశారని అడిగే అవకాశముంది. నాలుగైదు ఉద్దేశాలు, మీరు నిజంగా చేసేవి, తెలుగులోనే రాసుకోండి. తర్వాతి పనులకు పనికొస్తుంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం ఒకటి పక్కన ఉంచుకోండి.

సభ్యత్వ రుసుము దగ్గర మొదటి జాగ్రత్త పడాలి. వెయ్యి రూపాయలని రాస్తే ఇళ్లలో పనిచేసే ఆవిడ, ఆటోనగర్‌లో హెల్పర్‌గా వెళ్లే కుర్రాడు సభ్యులు కాలేరు. సభ్యులు కాకపోతే ఓటు లేదు. ఏడాదికి యాభయ్యో వందో పెట్టి, ఎక్కువ ఇవ్వగలిగినవాళ్ల దగ్గర విరాళం తీసుకోండి. ఎంత ఇచ్చినా ఓటు ఒక్కటే అన్న వాక్యం విడిగా రాయండి.

కార్యవర్గం గురించి ఇలా రాసుకోవచ్చు: "కార్యవర్గంలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. కనీసం ముగ్గురు సంస్థ పనిచేసే కాలనీలో నివసించేవారై ఉండాలి. అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఒకటి తప్పనిసరిగా ఆ నివాసితుల్లో ఒకరికి దక్కాలి." ఇందులో చివరి వాక్యం లేకపోతే ముందు రెండూ అలంకారానికే. చెక్కు మీద సంతకం చేసే ఇద్దరిలో ఒకరు ఆ కాలనీ మనిషి అయితే డబ్బు ఎక్కడికి పోతోందో కాలనీకి తెలుస్తుంది.

సాయం ఎవరికివ్వాలో నిర్ణయించే పద్ధతి కూడా బైలాస్‌లోనే ఉండాలి. దరఖాస్తుదారుడు కార్యవర్గ సభ్యుడి బంధువైతే ఆ సభ్యుడు ఆ పూట చర్చలో కూర్చోకూడదని రాయండి. పిల్లల పేర్లు, జబ్బుల వివరాలు గోడకెక్కించకుండా, ఎంతమందికి ఎంత ఇచ్చామన్నది మాత్రం ఆఫీసు బయట అంటిస్తామని రాయండి.

సమావేశం ఎప్పుడు, ఎక్కడ అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పనిదినం ఉదయం పదకొండింటికి హోటల్ హాల్లో పెడితే రోజుకూలీకి ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం సాయంత్రం, కాలనీ స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో అని రాసేయండి. ఏడాదికి ఒక్కసారైనా సర్వసభ్య సమావేశం చట్టప్రకారం పెట్టాల్సిందే. కోరం (కనీస హాజరు) ఎంత, నోటీసు ఎన్ని రోజుల ముందు, కార్యవర్గం కాలపరిమితి ఎంత, ఒకరు వరుసగా ఎన్నిసార్లు ఒకే పదవిలో ఉండొచ్చు, ఆడిట్ ఎవరు చేస్తారు, ఇవన్నీ తలా ఒక వాక్యంలో రాయొచ్చు.

చివరగా రద్దు నిబంధన. సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోరు, ఇలాంటి ఉద్దేశాలున్న మరో సంస్థకు పోతుంది అని స్పష్టంగా ఉండాలి. ఇది లేకపోతే ఇన్‌కంటాక్స్ నమోదు ఆగిపోతుంది.

ఆన్‌లైన్‌లో దాఖలు

రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ వెబ్‌సైట్‌లో సొసైటీల విభాగంలో లాగిన్ తయారుచేసుకుని, వివరాలు నింపి, స్కాన్ చేసిన పత్రాలు ఎక్కించి, అక్కడ చూపించిన ఫీజు కట్టాలి. ఆధార్‌లో ఉన్న ఇంటిపేరు స్పెల్లింగే మెమొరాండంలోనూ ఉండాలి. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఒక్కో కార్డు మీద ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి వెనక్కి వచ్చే దరఖాస్తుల్లో ఇదొక పెద్ద కారణం. పేజీ పేజీకీ సంతకం, అఫిడవిట్‌కి నోటరీ చూసుకోండి. రిజిస్ట్రార్ అభ్యంతరం చెబితే సరిచేసి మళ్లీ ఇవ్వొచ్చు. కంగారుపడి మధ్యవర్తికి వేలు పోయక్కర్లేదు.

సర్టిఫికెట్ రాగానే సొసైటీకి చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం వస్తుంది. ఆ పేరుతో పాన్ తీసుకుని, కార్యవర్గ తీర్మానంతో బ్యాంకు ఖాతా తెరవండి. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ అప్పటినుంచి విరాళం రాకూడదు.

12ఏ, 80జీ, కులం మాట

సంస్థ ఆదాయంపై పన్ను మినహాయింపుకి 12ఏ, దాతకు మినహాయింపు దక్కడానికి 80జీ అని అందరూ పిలిచే నమోదులు ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో చేసుకోవాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దాంతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి పాత వీడియోలు చూసి నంబరు వెతక్కుండా "తాత్కాలిక నమోదు" అన్న పేరు చూసుకుని వెళ్లండి. కొత్త సంస్థకు తాత్కాలిక నమోదు మూడేళ్లకు ఇస్తారు. ఆ గడువు తీరడానికి ఆరు నెలల ముందో, పని మొదలైన ఆరు నెలల్లోనో, ఏది ముందైతే ఆలోగా రెగ్యులర్ నమోదుకి పెట్టుకోవాలి. చాలా సంస్థలు జారిపోయేది ఇక్కడే.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. గుంటూరు, విజయవాడల్లో కులం పేరుతో హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు నడిపే అలవాటు పాతది. "ఫలానా కులం పిల్లలకు" అని ఉద్దేశంలో రాస్తే 80జీ రాదు, ఒక మతానికి అని రాసినా అంతే. అయితే షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసమని రాస్తే ఆ అడ్డు లేదు, చట్టంలోనే మినహాయింపు ఉంది. కాబట్టి "ఎస్సీ కాలనీ ఆడపిల్లల చదువు" అని ధైర్యంగా రాసుకోవచ్చు. అందరికీ అని రాసి, చివరికి మనవాళ్లకే ఇచ్చే కన్నా అది నిజాయితీ కూడా.

దాతలకు రెండు మాటలు ముందే చెప్పండి. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే 80జీ వర్తించదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఆ మినహాయింపు. ఏ దాత ఎంత ఇచ్చాడన్న వివరాలు ఏటా మే 31లోగా ఇన్‌కంటాక్స్‌కు సమర్పించాలి, ఆలస్యమైతే రోజుల లెక్కన ఫీజు పడుతుంది.

ఏటా చేయాల్సినవి, కంపెనీల డబ్బు

సర్వసభ్య సమావేశం అయిన పదిహేను రోజుల్లోగా కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి. ఇది పంపడం మరిచిపోయిన సంస్థల్లో రేపు తగాదా వస్తే అసలు కార్యవర్గం ఏదో తేలదు. సొసైటీల చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం అలాంటి తగాదాలు మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్తాయి, ఏళ్లు పడుతుంది. మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకం, ఆడిట్ రిపోర్టు ఒకే బీరువాలో ఉంచండి. ఆ బీరువా తాళం రెండో చెవి కోశాధికారి దగ్గర ఉండాలి.

ప్రభుత్వ శాఖల గ్రాంట్లు ఆశిస్తే నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదై ఐడీ తీసుకోండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ డబ్బు కావాలంటే 12ఏ, 80జీ రెండూ ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్సార్-1 ఫారం నింపాలి, అదే రకం పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. అందుకని మొదటి నెల నుంచే ఫొటోలకన్నా హాజరు పట్టీలు, రసీదులు ఎక్కువ దాచుకోండి. విదేశీ విరాళాల అనుమతికి నిబంధనలు ఇంకా కఠినం. మూడేళ్లు నడవాలి, ఆ మూడేళ్లలో ఉద్దేశాల మీద కనీసం 15 లక్షలు ఖర్చుచేసి ఉండాలి. చిన్న సంస్థకు మొదట్లో దాని జోలికి వెళ్లాల్సిన పనే లేదు.