హిస్టరీ కాంగ్రెస్‌కు పేపర్ పంపాలంటే: సభ్యత్వం నుంచి సర్టిఫికెట్ దాకా

చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఒక్కసారైనా వెళ్లి రావాలనుకునే సభ ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్. 1935లో పుణెలో మొదలైంది. 1938 అలహాబాద్ సభ నుంచి ఇప్పుడున్న పేరుతో నడుస్తోంది. 82వ సభ 2023 డిసెంబరు 28 నుంచి 30 వరకు వరంగల్‌లో, కాకతీయ యూనివర్సిటీలో జరిగింది. సాధారణంగా ఏడాది చివరి వారంలోనే ఉంటుంది. దరఖాస్తు కష్టమైన పనేం కాదు. కాకపోతే అది రెండు దారుల్లో నడుస్తుందని ముందే చెప్పేవాళ్లు ఉండరు. కొత్తవాళ్లు ఇబ్బంది పడేది అక్కడే.

మొదటి దారి సభ్యత్వం, పేపర్. ఇవి హిస్టరీ కాంగ్రెస్ కార్యదర్శి చూసుకుంటారు. పేపర్, అంటే మీ పరిశోధన వ్యాసం, సభలో చదవాలంటే ముందు సభ్యులై ఉండాలి. రెండోది డెలిగేట్‌గా (సభకు హాజరయ్యేవారిగా) రిజిస్ట్రేషన్, బస, భోజనం. ఆ ఏడు సభ జరిపే యూనివర్సిటీలోని స్థానిక కార్యదర్శిది ఈ బాధ్యత. ఫారాలు వేరు, ఫీజులు వేరు, తరచూ గడువులు కూడా వేరు. ఒక సభకు నేను డెలిగేట్ ఫీజు కట్టేసి, సభ్యత్వం కూడా అందులోనే వచ్చేసిందనుకున్నాను. తీరా వెళ్తే బ్యాగు, పెన్ను, భోజనం కూపన్లు చేతికిచ్చారు. పేపర్ల జాబితాలో మాత్రం నా పేరు లేదు. మూడు రోజులూ వెనక బెంచీలో కూర్చుని వినొచ్చాను. తప్పు నాదే, సభ నియమాలతో వచ్చే సర్క్యులర్ రెండో పేజీ చదవలేదు. ఇద్దరు కలిసి రాస్తే ఇద్దరికీ సభ్యత్వం కావాలా అన్న విషయం కూడా అందులోనే చూసుకోండి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టగానే యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ) నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తర్వాత అడిగితే చూపించడానికి అదే ఆధారం.

తర్వాత విభాగం ఎంచుకోవాలి. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారతం, ఇతర దేశాల చరిత్ర, పురావస్తు శాస్త్రం ఇలా ఉంటాయి. పన్నెండు, పదమూడు శతాబ్దాల దక్షిణాది అంశం ప్రాచీనంలోకి వెళ్తుందా, మధ్యయుగంలోకా అన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. మీ పీహెచ్‌డీ గైడ్‌ను అడిగే పంపండి.

ఇక అబ్‌స్ట్రాక్ట్, అంటే పేపర్ సారాంశం. నన్నడిగితే దరఖాస్తు మొత్తానికి ప్రాణం ఇదే. మనవాళ్లలో చాలామంది 'కాకతీయుల కాలంలో వాణిజ్యం' అని శీర్షిక పెట్టేస్తారు. అది పేపర్ కాదు, పోటీ పరీక్షల గైడులో ఒక చాప్టర్. అదే విషయాన్ని ఒక్క శాసనం దగ్గరికి తీసుకురండి. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు అంటూ సరుకుల పేర్లూ ఉన్నాయి. ఈ జాబితాలో సముద్రం మీద వచ్చినవేవి, లోపలి ఊళ్ల నుంచి రేవుకు చేరినవేవి? ఈ ఒక్క ప్రశ్న చాలు. అబ్‌స్ట్రాక్ట్‌లో మొదటి వాక్యంలో ప్రశ్న, తర్వాత మీ ఆధారం ఏమిటి, అది ఎక్కడ అచ్చయింది, ఇంతవరకు దాన్ని చదివినవాళ్లు ఏం తేల్చారు, మీరు కొత్తగా ఏం చెబుతున్నారు. అంతే. 'భారతదేశం సుసంపన్న చరిత్ర గల దేశం' అని మొదలుపెట్టకండి, దయచేసి.

అబ్‌స్ట్రాక్ట్ ఒప్పుకున్నారు కదా అని ఊపిరి పీల్చుకోకండి. పూర్తి పేపర్ కూడా గడువులోగా చేరాలి. పదాల పరిమితి, ఫుట్‌నోట్లు ఇచ్చే తీరు సర్క్యులర్‌లోనే ఉంటాయి. శాసనానికి శక సంవత్సరం ఇచ్చినప్పుడు పక్కనే క్రీస్తు శకం కూడా వేయండి. ఊరికే 78 కలిపి వదిలేయకండి, నెలను బట్టి ఒక ఏడాది తేడా వస్తుంది. రాష్ట్ర స్థాయి సభలకు తెలుగులో రాసి పంపేవాళ్లకు ఇంకో హెచ్చరిక. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన ఫైల్ అవతలివాళ్ల కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా తెరుచుకుంటుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో కొట్టించి, పీడీఎఫ్ కూడా జత చేయండి.

యూనివర్సిటీలో చేయాల్సిన పని కాస్త ఉంటుంది. స్కాలర్‌నని బోనఫైడ్ సర్టిఫికెట్, గైడ్ సంతకం, హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ద్వారా ఆన్ డ్యూటీ అనుమతి. ఫెలోషిప్‌లో ఇతర ఖర్చులకిచ్చే కంటింజెన్సీ నుంచి ప్రయాణ ఖర్చులు వస్తాయేమో వెళ్లే ముందే అడగండి, ముందస్తు అనుమతి లేకపోతే టికెట్లు చూపించినా బిల్లు కదలదు. థీసిస్ ఇవ్వడానికి ముందు రెండు సభల్లో పేపర్లు చదవాలన్న షరతు యూజీసీ 2016 నిబంధనల్లో ఉండేది. 2022 నిబంధనల్లో దాన్ని తీసేశారు. అయినా కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి కాబట్టి మీ రిజిస్ట్రేషన్ ఏ నిబంధనల కిందో ఆఫీసులో కనుక్కోండి. పేపర్ చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్ అవసరాన్ని చూసే, ఫ్లెక్సీ మీద 'ఇంటర్నేషనల్' అని రాసి, డబ్బు కట్టగానే పేపర్ ఒప్పుకున్నామని మెయిల్ పెట్టే సభలు పుట్టుకొచ్చాయి. రాత్రి పంపితే పొద్దున్నే ఒప్పుకున్నారంటే ఎవరూ చదవలేదనే అర్థం.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. డిసెంబరు 27న బయల్దేరాలంటే అక్టోబరు 28న పొద్దున్నే బుక్ చేయాలి. క్రిస్మస్, న్యూ ఇయర్ రద్దీలో వెయిటింగ్ లిస్టు కదలదు. బస డార్మిటరీలో అయితే దుప్పటి, తాళం మీవే పట్టుకెళ్లండి.

సభలో చదవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ముందు వాళ్లు ఎక్కువసేపు తీసుకుంటే మీ వంతు ఇంకా తగ్గుతుంది. అందుకే పేపరంతా కాకుండా రెండు పేజీలు వేరుగా రాసి పెట్టుకోండి. చదివిన ప్రతి పేపరూ ప్రొసీడింగ్స్‌లో, అంటే సభ పేపర్ల సంపుటిలో, అచ్చు కాదు, ఎంపిక చేసినవే వస్తాయి. హాల్లో ఎవరు ఏ ప్రశ్న వేశారో అప్పుడే రాసుకుని, సవరించిన ప్రతిని అడిగిన తేదీలోగా పంపండి. సర్టిఫికెట్ చివరి రోజు మధ్యాహ్నం ఇస్తామంటారు. రైలు సాయంత్రానికి చూసుకోండి.