పర్లాకిమిడిలో కొట్టు తెరిచే ముందు ఆన్‌లైన్ జాగ్రత్తలు

రిబ్బన్ కత్తిరించేదాకా ఆగకండి. కొట్టు పేరు ఖాయమైన రోజే డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొనండి, అదీ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే. మాది సైట్ చేసిన కుర్రాడు తన పేరున రాయించుకున్నాడు. వెనక్కి తెచ్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. రెన్యువల్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు చేర్చే ముందే బోర్డు తగిలించాలి. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే బోర్డు, వీధి కనిపించాలి మరి. బోర్డు మీద ఒడియా, తెలుగు రెండూ ఉంటే మేలు, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లూ ఉంటారుగా. ఊరి పేరు కొందరు పర్లాకిమిడి అని, కొందరు పర్లాఖెముండి అని వెతుకుతారు; వివరణలో రెండూ రాయండి.

వాట్సాప్ బిజినెస్‌కి వేరే సిమ్.

ఓటీపీ మాత్రం "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం" అన్నా చెప్పొద్దు.