ప్రింటర్ బాగానే ఉంది, మధ్యలో దారే తెగింది

దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. హాల్ టికెట్ కోసం పిల్లలు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నప్పుడే ప్రింటర్ మొరాయిస్తుంది. ఆ టెన్షన్‌లో చాలామంది డ్రైవర్ (కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. దయచేసి తొందరపడకండి. ముందు కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య ఉన్న దారి చూడండి.

సమస్య: నిన్నటిదాకా వైఫైలో పనిచేసింది, ఇవాళ ‘ఆఫ్‌లైన్’ అంటోంది

గట్టి వాన పడి కరెంటు పోయి వచ్చిన మర్నాడు నాకు ఇది ఎక్కువగా ఎదురైంది. రౌటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరు లాంటిది) ఇచ్చే అవకాశం ఉంది. నిన్న 192.168.1.5 ఉంటే ఇవాళ 192.168.1.8. ఇల్లు ఖాళీ చేసినవాళ్ల పాత గుమ్మంలో ఉత్తరాలు పడుతున్నట్టు, కంప్యూటర్ పాత నంబరుకే పంపుతూ ఉంటుంది.

ప్రింటర్ నెట్‌వర్క్ మెనూలో ఇప్పటి అడ్రస్ చూడండి. స్క్రీన్ లేని మోడల్ అయితే నెట్‌వర్క్ రిపోర్టు ప్రింట్ తీయండి. తర్వాత విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ ట్యాబ్‌లో టిక్ ఉన్న పోర్టు అడ్రస్‌తో పోల్చండి. తేడా ఉంటే యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని కొత్త నంబరు ఇవ్వండి. అక్కడితో వదిలేస్తే ఇంకో వానకి మళ్లీ ఇదే గొడవ. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లోకి (ఒక పరికరానికి ఎప్పుడూ అదే ఐపీ ఉంచే చోటికి) వెళ్లి, ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ పరికరం సొంత గుర్తింపు నంబరుకి) ఒకే ఐపీ కేటాయించండి. నా షాపులో అలా చేశాక ఈ బాధ తప్పింది.

ప్రింటర్ అడ్రస్ 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందనే లేదు. వైఫైకి మళ్లీ కలపండి.

సమస్య: కొత్త రౌటర్ పెట్టాక ప్రింటర్‌లో వైఫై పేరే కనబడదు

చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో అది ఆన్ చేసి, 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి. గెస్ట్ వైఫైకి మాత్రం కలపకండి, అందులో ఒక పరికరానికి ఇంకోటి కనబడకపోవచ్చు.

సమస్య: యూఎస్‌బీ ప్రింటర్ సగం పేజీలో ఆగిపోతుంది

కౌంటర్‌ని గోడవైపు జరిపినప్పుడు నేను ఎక్స్‌టెన్షన్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించాను. ఆధార్ కాపీలో ఫొటో వరకు వచ్చి, కింద అంతా తెల్లగా వదిలేసింది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీ నుంచి మంచి కేబుల్ తెచ్చి నేరుగా పెడితే సరిపోయింది. అంతకన్నా దూరమైతే ల్యాన్ పోర్ట్ ఉన్న ప్రింటర్ తీసుకోండి, నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా లాగొచ్చు.

సమస్య: ఒకే ప్రింటర్ రెండుసార్లు కనబడుతుంది, ఒకదానికి పక్కన ‘కాపీ 1’

కేబుల్ తీసి వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి ఉంటారు. పాత పోర్టులోకే మార్చండి, లేదా కొత్తదాన్ని డిఫాల్ట్ చేసి పాతది తీసేయండి.

సమస్య: ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంది

మౌస్ పాడైందని పారేయకండి. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వచ్చే రేడియో అలజడి, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. మౌస్ రిసీవర్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో హార్డ్‌డిస్క్‌కి దూరంగా, మౌస్ పక్కకు తెచ్చి పెట్టండి.