ఇంట్లో బీరు, 5వ పాఠం: బుడగలు రావట్లేదు, పారబోసేయాలా?

పోయిన పాఠంలో వోర్ట్ (బీరుగా మారాల్సిన తీపి మాల్ట్ రసం) చల్లార్చి, ఈస్ట్ చల్లి, మూత బిగించి, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని నీళ్ళలోంచి బుడగలుగా బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం) పెట్టి బకెట్‌ని బేస్‌మెంట్‌లో దించాం కదా. ఇవాళ మూడో రోజు అనుకుందాం. ఆఫీస్ నుంచి రాగానే జాకెట్ కూడా విప్పకుండా కిందకి దిగి ఎయిర్‌లాక్ వంక చూస్తున్నారు, అది మీ వంక చూస్తోంది, ఒక్క బుడగ లేదు.

కంగారు పడకండి. ఈస్ట్ వేశాక పని మొదలవడానికి 12 నుంచి 24 గంటలు మామూలు, చల్లటి ఇంట్లో అయితే 72 గంటలు పట్టినా వింతేం కాదు. ఇంకో సంగతి, బుడగల్ని నమ్ముకుంటే మునుగుతారు, ఎందుకంటే ప్లాస్టిక్ బకెట్ మూత ఒక పక్క సరిగ్గా నొక్కుకోకపోతే గ్యాస్ అంతా ఆ సందులోంచే పోతుంది, ఎయిర్‌లాక్‌లో నీళ్ళు కదలనే కదలవు, లోపల మాత్రం బీరు తన పాటికి తను తయారవుతూ ఉంటుంది. బకెట్‌కి టార్చ్ ఆనించి చూడండి, గోడ మీద గోధుమ రంగు నురగ చార కనిపిస్తే ఈస్ట్ పని చేసినట్టే. దాన్నే క్రాసెన్ అంటారు.

నా మొదటి బ్యాచ్ కథ చెప్తాను. మినెసోటాలో జనవరి, బయట మైనస్. కిట్‌తో చేసిన పేల్ ఏల్ (ఒక రకం బీరు), 5 గ్యాలన్లు, ఒరిజినల్ గ్రావిటీ (మొదట్లో ద్రవం నీళ్ళకంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఇది దిగుతుంది) 1.050. రోజుకి నాలుగు సార్లు మూత తీసి వాసన చూసేవాణ్ణి (మీరు ఆ పని చెయ్యొద్దు, తీసిన ప్రతిసారీ గాలీ, దాంతో పాటు ఊళ్ళో ఉన్న బ్యాక్టీరియా అంతా లోపలికి పోతాయి). ఏడో రోజు చూస్తే 1.030. పదకొండో రోజు కూడా అదే 1.030. అంటే మొదలైంది, సగం దారిలో కూలబడింది.

ఇక్కడే హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ గ్రావిటీ చూపించే గాజు పరికరం) చేతికి రావాలి. బేస్టర్‌ని (రబ్బరు బుడ్డి నొక్కి ద్రవం పీల్చే గొట్టం) స్టార్‌శాన్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీసి, దాంతో శాంపిల్ లాగి సన్న గొట్టంలో పొయ్యండి. హైడ్రోమీటర్ వేసి వేళ్ళతో ఒకసారి గిర్రున తిప్పండి, లేకపోతే దానికి అంటుకున్న చిన్న చిన్న బుడగలు దాన్ని పైకి లేపి గ్రావిటీ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తాయి. కళ్ళు గొట్టం ఎత్తుకి వంచి చూడండి, ద్రవం అంచుల దగ్గర పైకి పాకినట్టు ఉంటుంది, ఆ పాకిన చోట కాదు, మధ్యలో పల్లంగా ఉన్న గీత చదవాలి. చాలా హైడ్రోమీటర్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సరిచేసి ఉంటాయి, వేడి శాంపిల్‌లో తక్కువ చూపిస్తాయి, 100 డిగ్రీల దగ్గర దాదాపు 0.006 తేడా వస్తుంది. చూసిన శాంపిల్ మళ్ళీ బకెట్‌లో పొయ్యొద్దు, తాగేయండి, రుచి కూడా ఒక రీడింగే. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూస్తే ఒకే అంకె వచ్చిందా, అప్పుడే ఆగిపోయింది అనాలి, ఒక్క రీడింగ్‌తో తీర్పు చెప్పొద్దు.

రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరుని బట్టి చక్కెర కొలిచే పరికరం) వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఆల్కహాల్ కలిశాక అది ఎక్కువ చూపిస్తుంది, లెక్క సరిచేసుకోకపోతే అయిపోయిన బీరు కూడా ఆగిపోయినట్టే కనిపిస్తుంది.

సరే, నిజంగానే ఆగింది. ఎందుకు? నా విషయంలో చలి. బేస్‌మెంట్ నేల మీద బకెట్‌కి అంటించిన స్ట్రిప్ థర్మామీటర్ 57 చూపించింది, మామూలు ఏల్ ఈస్ట్‌కి 64 నుంచి 68 దాకా కావాలి. ఇక్కడ చలికాలంలో ఇడ్లీ పిండి కౌంటర్ మీద పెడితే పొద్దునకి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, అందుకే కదా అందరం ఓవెన్‌లో లైట్ వేసి అందులో పెడతాం. ఇదీ అంతే. చలికి ఈస్ట్ ముడుచుకుని అడుగున పేరుకుపోతుంది, పైన చక్కెర అలాగే మిగిలిపోతుంది.

కాబట్టి మొదటి మందు వెచ్చదనం. బకెట్‌ని పైకి తెచ్చి గెస్ట్ బాత్రూమ్‌లో పెట్టాను, కింద మడిచిన దుప్పటి, చుట్టూ పాత టవల్. మూత తియ్యకుండానే బకెట్ అంచు పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పాను, అడుగున ఉన్న ఈస్ట్ పైకి లేచేలా. గిలక్కొట్టొద్దు. ఈస్ట్ వేసే ముందు గాలి కలపడం మంచిది, బీరు సగం అయ్యాక గాలి తగిలితే తడి అట్టపెట్టె రుచి వస్తుంది. ఆరు రోజుల్లో 1.030 కాస్తా 1.012కి దిగింది. 1.050లోంచి 1.012 తీసేసి 131.25తో గుణిస్తే దగ్గర దగ్గర 5 శాతం ఆల్కహాల్.

వారం వెచ్చగా ఉంచినా కదలకపోతే అప్పుడు కొత్త ఈస్ట్. పొడి ప్యాకెట్ నేరుగా చల్లితే ఆ ఆల్కహాల్‌లో దానికి ఊపిరాడదు, అందుకని కాస్త డ్రై మాల్ట్ (మాల్ట్ సారం పొడి) నీళ్ళలో మరిగించి చల్లార్చి, అర లీటర్ జార్‌లో ఈస్ట్ వేసి, నురగ బాగా లేచాక అది తీసుకెళ్ళి బకెట్‌లో కలపండి. చక్కెర మాత్రం కలపకండి, ఉన్నది తినలేక పడుకున్నవాడికి ఇంకో విస్తరి వేసినట్టు అవుతుంది.

ఎక్స్‌ట్రాక్ట్ కిట్ (ముందే తీసిన మాల్ట్ సారంతో వచ్చేది) అయితే 1.018, 1.020 దగ్గర నిలబడిపోవడం ఎప్పట్నుంచో ఉన్నదే, అందులో ఈస్ట్ తినలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అంతా చేసి చూశాక కూడా వారం పాటు అదే అంకె ఉంటే, రుచిలో పచ్చి తీపి లేకపోతే, అదే ఆ బీరు ముగింపు. అంకె ఇంకా దిగుతున్నప్పుడు మాత్రం బాటిల్ చెయ్యొద్దు, మిగిలిన చక్కెర సీసాలో పులిసి గ్యాస్ పట్టి గాజు పేలుతుంది, క్లోజెట్‌లో అర్ధరాత్రి చప్పుడుతో నిద్ర లేచినవాణ్ణి నేను.

వచ్చే పాఠం బాటిలింగే. ఈలోపు ఖాళీ సీసాలు పోగెయ్యండి, 12 ఔన్సులవి 50 పైనే కావాలి, చేత్తో తిప్పి తీసే మూత ఉన్నవి పనికిరావు, ఓపెనర్‌తో తీసేవే. లేబుళ్ళు రాత్రంతా వేడి నీళ్ళలో నానబెడితే వాటంతటవే ఊడొస్తాయి.